బ్రేకు రబ్బర్లు

వారం రోజులుగా ఒకటే ముసురు.

కోరుట్ల బస్టాండు వెనక సరోజన సైకిల్ షాపు ముందు ఒక పెద్దాయన సైకిల్ ఆపాడు. బ్రేకుతో కాదు, కాళ్లు నేలకు రాసి.

"చైను జారుతుంది బిడ్డా. జర చూడు."

సరోజన వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పింది. చూపు పడితే చాలు, ఏ సైకిల్ జబ్బయినా చెప్పేస్తుందని ఊళ్లో ఆమెకు పేరు.

"ఒక్క చైనే గాదు కాకా, ఫ్రీవీలు పండ్లు గూడ అరిగినయి. పాత పండ్ల మీద కొత్త చైను నిలువది. రెండూ మార్చాలె. బ్రేకు రబ్బర్లయితే మొత్తానికే లెవ్వు. గీ వానల ఏడేడ తిరుగుతున్నవ్?"

"జగిత్యాల దిక్కు, గీ దిక్కు. ఊర్లు తిరుగుడే."

"ఏం పని మీద?"

"మందిని కలిసేదుంది."

సరోజన చైను మార్చింది. ఫ్రీవీలు మార్చింది. ఇరుసులో చేరిన బురద కడిగి గ్రీజు పెట్టింది. ఇక బ్రేకు రబ్బర్లు చేతిలోకి తీసుకుంటుండగా హ్యాండిల్‌కున్న ప్లాస్టిక్ సంచి జారి కింద పడింది.

అన్నీ పాస్‌పోర్టు జిరాక్సులు. ఏడెనిమిది ఉన్నాయి.

సరోజన చెయ్యి ఆగిపోయింది. తమ్ముడు మహేశ్‌ను దుబాయి పంపిన ఏజెంటు సంచిలోనూ ఇలాంటివే ఉండేవి. ఏడాది దాటింది, తమ్ముడి నుంచి ఫోన్ లేదు.

"నువ్వు ఏజెంటువా?"

"గాదు బిడ్డా, నేను..."

"నాకు చెప్పకు! సైకిల్ చూస్తే మనిషేందో ఎరుకైతది నాకు. ఇంటింటికి తిరిగి పోరగాండ్లను అమ్ముకునెటోనివి. తీస్కపో బండి!"

"బ్రేకులు..."

"నీ అసొంటోనికి నా చేతులతోని ఎయ్య!"

ఆయన కాగితాలు ఏరుకుని, సంచి చొక్కా లోపల దాచుకుని వానలోనే వెళ్లిపోయాడు. దొంగను పట్టుకున్నంత ధీమాగా సరోజన చేతులు తుడుచుకుంది.

నాలుగు రోజులకు వీర్నపల్లి నుంచి తల్లి ఇంద్రమ్మ ఫోన్ చేసింది.

"ఎవరో పెద్దాయన అచ్చిండు బిడ్డా. తమ్ముడు దుబాయి జైల్ల ఉన్నడట. ఇడిపిస్తనని కాగితం మీద నా ఏలిముద్ర తీస్కున్నడు. పాపం, సైకిల్‌కు బ్రేకుల్లెవ్వు. కాళ్లతోని ఆపి ఆపి మడిమలు పగిలి నెత్తురు గారుతున్నయి."

"వాడు దొంగనే అమ్మా! ఏలిముద్ర ఎందుకేసినవ్?" ఫోన్‌లోనే అరిచింది సరోజన.

దసరా దాటిన వారానికి మహేశ్ ఇల్లు చేరాడు. వీసా గడువు దాటి పట్టుబడి అదే జైల్లో ఉన్న మరో పదకొండు మందీ అతనితో పాటే వచ్చారు.

"మేమున్నమని ఎవ్వలకు ఎరుకలేదక్కా. సిరిసిల్ల పరశురాములు కాకనే సైకిల్ మీద ఇల్లిల్లు తిరిగి కాగితాలు జమజేసి హైదరాబాద్‌ల సర్కారు ఆఫీసుల ఇచ్చి అచ్చిండట. ఆయన కొడుకు సునీల్ గూడ మాతోనే పట్టువడ్డడు. మా ఊర్ల పేర్లు ఇంటికి రాసింది వాడే. ఎండకాలంల వాన్ని వేరే జైలుకు తీస్కపోయిండ్రు."

మర్నాడే సరోజన తమ్ముణ్ని తీసుకుని సిరిసిల్ల వెళ్లింది.

పరశురాములు ఇంటికి తాళం వేసి ఉంది.

"బట్ట నేసే సాంచాలు బందువడ్డయి గదా," అంది పక్కింటి మల్లక్క. "పెండ్లాన్ని తీస్కొని బతుకపోయిండు. భీవండి అన్నరు. అడ్రస్ ఎరుకలేదు."

"కొడుకు గూడ వాళ్లతోనే పోయిండా?"

మల్లక్క ఆమెను వింతగా చూసింది.

"సునీలా? గా పోరడు వానలు పడకముందే పెట్టెల అచ్చిండు గదా బిడ్డా. మిగిలిన పోరగాండ్లన్న నడిసి రావాలెనని, వాని దినం జేసిన తెల్లారే గాయన సైకిల్ ఎక్కిండు."