ఆర్నెల్లు ఆగక్కర్లేదట

పేపరు కత్తిరింపును బల్ల మీద పెట్టి, ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో రెండుసార్లు నిమిరాడు చిదంబరం.

"ఇక విడాకులకి ఆర్నెల్లు ఆగక్కర్లేదటండి. ఢిల్లీలో క్యాబినెట్ ఒప్పేసుకుందట. కోలుకోలేనంతగా చెడిపోయిన కాపురమైతే చాలట."

కత్తిరింపు పై మూల 2010 జూన్ అని ఉంది. 'కోలుకోలేనంతగా' అన్న మాట కింద ఎర్ర ఇంకుతో గీత. ఒకసారి గీసి, తృప్తి కలగక మళ్లీ గీసినట్టుంది.

లాయరు సుబ్రహ్మణ్యం కత్తిరింపు వైపు కాక కుర్చీల వైపు చూశాడు. ఉప్పల్‌లో జిరాక్సు షాపు మీద ఈ గది తీసుకున్న పదేళ్లలో అతనొక సంగతి కనిపెట్టాడు. వచ్చినవాళ్లు నోటితో ఏం చెప్పినా సరే, కుర్చీ ఎక్కడికి జరుపుకున్నారో చూస్తే కాపురం ఎక్కడికి వచ్చిందో తెలిసిపోతుంది. చిదంబరం కిటికీ పక్కన కూర్చున్నాడు. సాలమ్మ తన కుర్చీని గుమ్మం దాకా ఈడ్చుకుపోయింది. మధ్యలో ఇంకో రెండు కేసులవాళ్లు హాయిగా కూర్చోవచ్చు.

"అది ఇంకా బిల్లేనండి. పార్లమెంటులో పాసయితే గాని చట్టం కాదు. అందాకా ఆర్నెల్లూ ఆగాల్సిందే."

"పేపర్ల వచ్చింది గద సార్," అంది సాలమ్మ.

"అదేనండి నేనూ అనేది," అన్నాడు చిదంబరం.

"పెళ్లెప్పుడైంది?"

"మూడేండ్లయింది. నాచారంల ఫంక్షన్ హాల్ల."

సుబ్రహ్మణ్యం తలెత్తాడు. చిదంబరానికి అరవై దాటాయి. సాలమ్మకు యాభై అయిదుకు తక్కువుండవు. పైగా ఆయనది గోదావరి మాట, ఆమెది భువనగిరి మాట. ఆశ్చర్యం బయటపడకుండా అడిగాడు.

"పెద్దలు కుదిర్చిన సంబంధమా?"

"అబ్బే, ప్రేమ పెళ్లండి," అన్నాడు చిదంబరం. "అదే కదా కొంప ముంచింది."

"మల్లాపూర్ బస్సుల షురువైంది ఈ కత," అంది సాలమ్మ.

సుబ్రహ్మణ్యం మనసు మెత్తబడింది. నలభై మూడేళ్లొచ్చినా అతనికి పెళ్లి కాలేదు. ఇక కాదేమో అన్న దిగులు ఈ మధ్యే అలవాటుగా మారుతోంది. ఈ వయసులో, కిక్కిరిసిన బస్సులో, ఒకరు లేచి ఇంకొకరికి సీటిచ్చిన దృశ్యం అతని కళ్ల ముందు మెదిలింది. ఈ కాపురాన్ని నిలబెట్టగలిగితే తనక్కూడా కాస్త ఆశ మిగులుతుందనిపించింది.

"పిల్లలకు చెప్పారా?"

"లే సార్. చెప్తే ఒప్పుకోరు."

"వాళ్లు ఒప్పుకోవాల్సిన పని లేదు. ఇలాంటివాటిలో చట్టం పిల్లల్ని అడగదు."

ఇద్దరి ముఖాల్లోనూ ఒకేసారి వెలుగొచ్చింది.

"సరే, అసలు గొడవేమిటి?"

"పొద్దుగాల అయిదు గొట్టంగనే రేడియో పెడ్తడు సార్. చారుల బెల్లం ఏస్తడు. నేనేం వండినా, మా వైపు ఇట్లా చెయ్యరంటడు. గా దిక్కే పోయి ఉండొచ్చు గద మరి."

"ఆవిడ టీవీ రిమోటు దిండు కింద పెట్టుకుంటుందండి. ఏమన్నా అడిగితే జవాబు గోడకి చెబుతుంది. మా ఇద్దరికీ మాటల్లేక ఏడాది దాటింది. ఒకే ఫ్లాటులో ఎన్నాళ్లని పడుంటాం?"

"ఇద్దరిలో ఒకరు కొన్నాళ్లు వేరేచోట ఉండి చూడొచ్చు కదా."

"నేనెందుకు పోవాలె? పోయినోళ్లు ఓడినట్టు గాదా?"

"నేను మాత్రం ఎందుకు వెళ్లాలండి?"

సుబ్రహ్మణ్యం దగ్గర ఆఖరి అస్త్రం ఒకటుంది. సగం జంటలు దాని దెబ్బకు కళ్లు తుడుచుకుని ఇంటికెళ్లిపోయేవి.

"ఆమెలో ఒక్కటంటే ఒక్క మంచి సంగతి చెప్పండి."

చిదంబరం వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి, మొదటి వేలు దగ్గరే ఆగాడు. "శనివారాలు ఉపవాసముంటుందండి. ఆ రోజు నీరసంగా ఉండి, గోడతో కూడా తక్కువ మాట్లాడుతుంది."

"ఆయనలో?"

"నెలకొకపారి ఊరికి పోతడు."

అయినా సుబ్రహ్మణ్యం ఆశ వదల్లేదు. ఒకరి అలవాట్లు మరొకరికి ఇంత వివరంగా తెలిసినచోట ఇంకా ఏదో బతికే ఉంటుందని అతని నమ్మకం. నిజంగా విసిగిపోయినవాళ్లు అసలు గమనించరు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. చట్టం ప్రకారం ఏడాదైనా విడిగా ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా ఫరవాలేదు, భార్యాభర్తల్లా ఉండకపోతే చాలు. అడగక తప్పదు. గొంతు సవరించుకున్నాడు.

"మీరిద్దరూ పడుకునేది ఒకే గదిలోనా?"

చిదంబరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది.

"ఏం మాటలండీ అవి. చదువుకున్నవారు."

"అడగనీకి సిగ్గుండాలె," అంది సాలమ్మ గోడతో.

"అంటే, ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదు," అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

సుబ్రహ్మణ్యం పెన్ను కింద పెట్టేశాడు. పదేళ్లలో ఇంత అసహ్యాన్ని అతను ఏ జంటలోనూ చూడలేదు. బస్సూ, సీటూ, ఆశా అన్నీ ఒక్కసారే కళ్ల ముందు నుంచి తొలగిపోయాయి. సొరుగులోంచి వకాలతు కాగితం తీసి బల్ల మీద ముందుకు జరిపాడు.

"భార్యాభర్తలిద్దరూ ఇక్కడ సంతకాలు పెట్టాలి."

చిదంబరం ఆ కాగితాన్ని భద్రంగా మడిచి సంచిలో పెట్టుకుంటూ, "అలాగేనండి, మా అబ్బాయీ ఈవిడగారి అమ్మాయీ చేతులు పట్టుకుని సినిమాకెళ్లారు, రాగానే పెట్టించేస్తాం," అన్నాడు.