వీరాభిమాని

“ఒక్క పేజీ అమ్మా! మీ కాళ్లు పట్టుకుంటాను” అంటూ ఆ కొత్తమనిషి నిజంగానే వంగబోయాడు.

“అయ్యయ్యో, లేవండి బాబూ!” రచయిత్రి కంగారుగా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఆవిడ సొంత తమ్ముడిలా చూసుకునే నవలాకారుడి పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించి, మనిషిని జైల్లో పడేసింది. అతన్ని వదిలేదాకా పత్రికలకు ఒక్క అక్షరం ఇచ్చేది లేదని రచయితలంతా కలాలు కింద పెట్టేశారు. ఆ మాట ముందుగా అన్నది ఈవిడే. అనడం తేలికే, కడుపులు మాడుతుంటే నిలబడటమే కష్టం. ఇప్పుడు ఈవిడ ఒక్క పేజీ ఇచ్చిందా, మిగతావాళ్లూ ఇచ్చేస్తారు. జైల్లో ఉన్నవాడిని ఇక పట్టించుకునే నాథుడుండడు.

“జైల్లో వాడు జ్వరంతో మూలుగుతున్నాడట. నన్నెలా రాయమంటారు?”

“మీ సీరియల్ మధ్యలో ఆగిపోయిందమ్మా. అందులో ఆ పిల్ల ఏమైపోయిందో తెలీక నాకు ముద్ద దిగట్లేదు. ఆయన కోసం మీరు కలం మూసేసుకుంటే, మా బాధ ఎవరు రాస్తారు?”

లోపలి గదిలోంచి భర్త అందుకున్నాడు. “సరుకులు నిండుకున్నాయని నేను మొత్తుకుంటే వినవు. ఆయన మాటైనా విను!”

ఆవిడకు ఏడుపొచ్చేసింది. ఇంత పట్టు పట్టి సాధించిందేముంది? తమ్ముడు బయటికి రాలేదు. ఇక్కడ చూస్తే పాఠకుడు ఏడుస్తున్నాడు. ఓడిపోయానని మనసులోనే ఒప్పేసుకుని కాగితం దగ్గరికి లాక్కుంది, కలం తెరిచింది.

“అంత ఇష్టమా బాబూ నా రాతలంటే?”

“ఇష్టమేంటమ్మా, కంఠతా వచ్చు!” అతను కళ్లు మూసుకుని అప్పజెప్పాడు. “‘తలుపు చప్పుడైతే నాన్నొచ్చాడని పరిగెత్తే వయసు దాటి, తలుపు చప్పుడైతే పోలీసులొచ్చారని దాక్కునే వయసుకొచ్చాను.’ మీ మొదటి నవలలోది. ఎన్నిసార్లు చదివానో!”

కాగితం మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అతని ముఖంలోకి చూసి, కలం మూసేసింది.

“ఇక వెళ్లండి.”

“అదేంటమ్మా! తప్పు చెప్పానా?”

“లేదు. అక్షరం పొల్లుపోకుండా చెప్పారు.”

ఆ వాక్యాన్ని సెన్సారు ఆఫీసు అచ్చుకే వెళ్లనివ్వలేదు.