టామరాక్ లోయకు ఆరుగురు

"ఆరుగురు చాలు, డ్వేన్. వందమందిని అడగడం లేదు."

"నిన్న మూడు బుల్‌డోజర్లు అడిగావు. ఇవాళ ఆరుగురు మనుషులు. రేపు నా వంటవాణ్ణి కూడా పంపమంటావు కాబోలు."

"వంటవాడైనా సరే. బరువు మోయగలడా?"

అవతల డ్వేన్ నవ్వలేదు. రాష్ట్ర అటవీశాఖలో మనుషులను పంపే బాధ్యత అతనిది.

"లోర్నా, ఉన్నవాళ్ళంతా నిప్పు దగ్గరున్నారు. లేనివాళ్ళు బూట్లు కూడా విప్పకుండా పడి నిద్రపోతున్నారు. ఎవణ్ణి లేపమంటావు, చెప్పు?"

ఆమె ఎవరినీ లేపమనలేదు.

అమెరికాలోని పశ్చిమ మోంటానా కొండలు వారం రోజులుగా తగలబడుతున్నాయి. లోర్నా హాగెన్ కూర్చున్నది సమన్వయ కేంద్రంలో. కేంద్ర అటవీశాఖ, రాష్ట్రం, కౌంటీ, ఆదివాసుల రిజర్వేషన్, ఎవరి దళం ఎటు కదలాలన్నా ఆ బల్ల మీది ఫోను మోగవలసిందే. ఎక్కడ ఎవరున్నారో ఆమెకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆ రోజు ఆమెకు తెలిసినదల్లా, ఎక్కడా ఎవరూ ఖాళీగా లేరని.

టామరాక్ లోయకు ఆరుగురు కావాలి. మర్నాడు ఉదయం పది గంటలకల్లా. మధ్యాహ్నానికి కౌంటీ పోలీసు పెద్ద షెరిఫ్ లోయను ఖాళీ చేయించి దారి మూసివేస్తాడు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో గాలికే తెలియాలి. లోయ చివరి గుట్ట నిట్టనిలువుగా ఉంటుంది. బండి సగం దాకానే పోతుంది. ఆ పైన చేతులతో మోసుకుంటూ ఎక్కవలసిందే.

పొరుగు రాష్ట్రం ఐడహో కేంద్రంలో ఎవరో కొత్త మనిషి ఫోను ఎత్తాడు.

"పంపులు, గొట్టాలు మేమే తెచ్చుకోవాలా?"

"ఏమీ వద్దు. చేతులు తెచ్చుకుంటే చాలు."

"అయినా మనుషులే లేరులెండి" అని అతను పెట్టేశాడు.

రాజధానిలోని పై కేంద్రం పద్ధతి ప్రకారం ప్రశ్నలు వేసింది.

"ఈ పని జరగకపోతే ఎన్ని ఇళ్ళు పోతాయి?"

"ఒక్కటీ పోదు."

"ఎవరి ప్రాణమైనా?"

లోర్నా చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. "పోదు."

"అయితే వరుసలో అట్టడుగుకు పోతుంది మేడమ్. మీకు తెలియనిదేముంది?"

ఆమెకు తెలుసు. ఆ స్థానంలో తానున్నా అదే మాట చెప్పి ఉండేది.

ఇక మిగిలినవాడు లీలాండ్. రిజర్వేషన్ అగ్నిమాపక దళానికి పెద్ద.

"నాకు రావాలని లేదనుకుంటున్నావా, చెల్లీ?"

"అనుకోవడం లేదు."

"గాలి మా ఊరివైపు తిరిగింది. ఇప్పుడు మావాళ్ళను కదిలిస్తే మా ఆడవాళ్ళు నన్ను గుమ్మం తొక్కనివ్వరు."

"నువ్వు రాలేదని నేనేమీ అనుకోను, లీలాండ్."

"నాలుగు తిట్టరాదూ? నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది."

ఫోను పెట్టగానే మళ్ళీ మోగింది. టామరాక్ లోయ నుంచి సిగ్రిడ్. ఎనభై దాటిన మనిషి. లోయలో అందరూ సామాను సర్దుకుంటున్నారు, ఆమె తప్ప.

"దొరికారా?"

"వెతుకుతున్నాను, సిగ్రిడ్."

"మంటలార్పే పసుపు చొక్కాల వాళ్ళే రావాలి. పక్కింటి కుర్రాళ్ళను పోగుచేసి పంపావంటే గేటు దగ్గర్నుంచే తరిమేస్తాను."

"మధ్యాహ్నానికి ఖాళీ చేయమని షెరిఫ్ చెప్పాడుగా?"

"చెప్పాడు. ఆ ఆరుగురూ వచ్చి పని కానిచ్చేదాకా కదలనని నేనూ చెప్పాను. కావాలంటే కుర్చీతో సహా ఎత్తుకుపొమ్మన్నాను. దానికీ నలుగురు కావాలిగా! ఉన్నారా మీ దగ్గర?"

"వస్తారు. ఆరుగురూ వస్తారు" అన్నది లోర్నా. ఎక్కడినుంచి తెస్తుందో ఆమెకే తెలియదు.

ఫోను పెట్టి గదిలోకి చూసింది. వాతావరణం చూసే ఆర్లో తల దించుకున్నాడు.

"నా మోకాలికి రెండుసార్లు కోత పడింది, లోర్నా."

"సగం దాకా బండి పోతుంది."

"మిగతా సగం?"

"మెల్లగా ఎక్కుదాం."

గోదాము చూసుకునే బెర్నడెట్ మడత విప్పని పసుపు చొక్కాలు తెచ్చి, తానూ ఒకటి తొడుక్కున్నది. పొగ వల్ల విమానం లేవక ఊరికే కూర్చున్న పైలట్ మరొకటి తీసుకున్నాడు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు నేరుగా అక్కడికే వస్తానన్నాడు. తెల్లవారాక లోర్నా తన కుర్చీని పై అధికారికి అప్పగించి తానూ ఒక చొక్కా తొడుక్కున్నది.

లోయలో పొగ చెట్ల నడుముదాకా దిగింది. సిగ్రిడ్‌ను తీసుకుపోవడానికి వచ్చిన షెరిఫ్ మనిషి కోల్బీ, విషయం విని, టోపీ తీసి బండి మీద పెట్టి వాళ్ళతో కలిశాడు.

ట్యాంకరు డ్రైవరు మాత్రం రాలేదు. దారిలో ఉండగానే వైర్‌లెస్‌లో పిలుపు వచ్చి, మంటవైపు వెనక్కి తిరిగాడు. అతన్ని పిలిచింది లోర్నా కుర్చీలో కూర్చున్న మనిషే.

"ఇంక ఆగలేమమ్మా" అన్నాడు కోల్బీ, కొండవైపు చూస్తూ.

"ఎందరు వచ్చారు?" ఆ పొగలో సిగ్రిడ్‌కు ముఖాలు ఆనలేదు.

"ఐదుగురం" అన్నది లోర్నా.

"ఆరుగురన్నావు."

"అన్నాను."

సిగ్రిడ్ కుర్చీలోంచి లేచింది. చేతులకున్న తొడుగులు నెమ్మదిగా విప్పి జేబులో పెట్టుకున్నది. ఆర్లో ఏదో అనబోయాడు. లోర్నా అతని మోచేయి పట్టుకుని ఆపింది.

ఇరవై ఏళ్ళు అడవి మంటలతో పోరాడి, ఇప్పుడు గుట్ట మీది శ్మశానానికి పోతున్న కొడుకు శవపేటికకు ఖాళీగా మిగిలిన ఆరో పిడిని ఆ తల్లే పట్టుకుని పైకెత్తింది.