ఖాళీ గడి

“ఆ ఒక్క గడిలో సున్నా పెట్టమ్మా, టోటల్ వచ్చేస్తుంది,” అన్నారు పై ఆఫీసరు దుర్గాప్రసాద్ గారు, కృప కుర్చీ వెనక నిలబడి.

విజయవాడ ఆఫీసులో వరద నష్టం పట్టికలు, ఊరికొకటి చొప్పున పన్నెండు, ఒక్క లైను కోడ్‌తో గడికి గడి కలిపింది కృప. పామర్రు అవతలి ఊరి పట్టికలో ‘పేట: కూలిన ఇళ్లు’ గడి ఖాళీ. దాంతో మొత్తంలోనూ ఆ గడిలో అంకె రాలేదు, ‘తెలియదు’ అని వచ్చింది.

“పదకొండు ఊళ్ల లెక్క ఉండగా ఇదేం గోల? రెండింటికి మీటింగు.”

“తెలియనిది కలిపితే వచ్చేదీ తెలియదండీ. సర్వేవాళ్లు కాలవ దాటి పేటకి వెళ్లనే లేదు. అడక్కుండా సున్నా ఎలా అవుతుంది?”

“పోయినేడు పెట్టింది నువ్వేగా?”

కృప కీబోర్డు మీంచి చేతులు తీసి ఆయన వైపు తిరిగింది.

“నేనేనండీ. ఖాళీలన్నిట్లో సున్నాలు నింపేశాను, ఏ ఊరో కూడా చూడలేదు. ఆ సున్నా చూసి పేటకి ఒక్క టార్పాలిన్ పట్టా కూడా ఇవ్వలేదు. మా అమ్మ ఆర్నెల్లు చర్చి వరండాలో వండుకుంది.”

ఆయన గొంతు తగ్గింది. “మీదా పేటేనా? ఈసారీ ఇల్లు పడిందా?”

“పడిందండీ.”

“అయితే ఆ గడిలో ఒకటి వేసెయ్. మీ ఇంటికి నేను పూచీ.”

“మాదొక్కటే వేస్తే, మిగతా ఇళ్లన్నీ నిలబడే ఉన్నాయని నేను రాసిచ్చినట్టేనండీ.”

కృప ‘తెలియదు’ని ఎర్రరంగులోకి మార్చి ప్రింటు కొట్టింది.