కోత్వాల్ పుస్తకంలో బాపు

అడవి అంచున నేను దున్నే చెలకకు పట్టా రావాలంటే, నన్ను కన్న బాపు ఓదెలు మా ఊరు అంకిసలోనే బతికాడని పాత కాగితం చూపించాలట. సిరొంచ తహసీల్ ఆఫీసులో, ఆనాటి మా ఊరి కోత్వాల్ రాసిన జననమరణాల పుస్తకం తీయించాను.

గుమాస్తా అమ్మాయి ముందు వంశావళి ఫారం అందుకుంది. “అన్నదమ్ములెందరు తాతా?”

“ఒక్కన్నే బిడ్డా. పంచుకునేటోడు లేడు, పంచాయితీ లేదు.”

“పేరు?”

“పెంటయ్య.”

నవ్వాపుకుంది. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకుని ఆ పేరు పెడతారు. బళ్లో అందరూ నవ్వుతున్నారని అలిగి, అమ్మతో నెల రోజులు మాట్లాడలేదు నేను. ఎందరు పోయారని మాత్రం ఎన్నడూ అడగలేదు.

పేజీలు తిరిగాయి.

“దొరికిండు తాతా మీ బాపు! ‘ఓదెలు కొడుకు, మూడు నెలలు, జ్వరం.’ ఇగో, మళ్ల... ‘ఓదెలు కొడుకు, పదకొండు రోజులు.’ ఇంకోటి... ‘ఓదెలు కొడుకు, రెండేండ్లు.’”

బాపు పేరు మూడుచోట్ల ఉంది. మూడూ చావుల పేజీలే.

“నీ పట్టాకు గిది సాలు తాతా. ఇగ సంతకం పెట్టు.”

“ఆగు బిడ్డా. అన్నదమ్ములెందరని మళ్లొకసారి అడుగు.”