ముగ్గురి వేలిముద్రలు

"వేలు బిగబట్టకమ్మా. చెయ్యి నాకొదిలెయ్," అంది లవెర్న్.

మారిట్ చూపుడువేలికి సిరా అద్ది, అట్ట మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి దొర్లించింది. లవెర్న్‌ది తుపాకుల కొట్టు. మోంటానాలో ఆ చుట్టుపక్కల ఎవరు తుపాకీ కొన్నా ఆవిడ చేతిమీదుగా పోవాల్సిందే.

మారిట్ వంచిన తల ఎత్తలేదు. ఎత్తితే, తన వంతు కోసం పక్కనే నిలబడ్డ తమ్ముడు స్టీనర్ కనిపిస్తాడు. ఇద్దరికీ మాటల్లేక ఆరేళ్లు.

"నాన్నకి ఇప్పుడు తుపాకీకి సైలెన్సర్ దేనికో తెలుసేమో, ఆవిణ్ణి అడుగు లవెర్న్," అన్నాడు స్టీనర్.

"నోరు నీది, చెవులు ఆవిడవి. మధ్యలో నేనెందుకు?"

కిటికీ పక్క కుర్చీలో వాళ్ల నాన్న, ముసలి ఆర్లో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూచున్నాడు. "నన్నడగండి, నేను చెప్తా. నేల ఉడతలు బీడంతా బొరియలు పెట్టేశాయి. కాలుద్దామంటే వాగవతలే ఈ పిల్ల ఇల్లు. తుపాకీ పేలితే దీనికి గుండెదడ."

అది నిజం. ఆరేళ్ల కిందట గొర్రెలు ఈనే రోజుల్లో, స్టీనర్ మందలో జొరబడ్డ కుక్కని వాడు కాల్చేశాడు. అది ఆమె పెప్పర్. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమెకి తోడున్న ప్రాణం అదొక్కటే. మందని తరిమే కుక్కని కాల్చే హక్కు అక్కడ గొర్రెలవాడికి ఉంది. అందుకని ఎవరికీ మొరపెట్టుకోలేకపోయింది. వంటింట్లో నిలబడి ఆ చప్పుడు వింది, అంతే.

"నీ ఒక్కడి పేరు మీద కొనుక్కోవచ్చుగా నాన్నా?" అన్నాడు స్టీనర్.

"కొనుక్కోవచ్చు. రేపు నేను పోయాక మీలో ఎవరో తెలీక దాన్ని జేబులో వేసుకుంటే? చట్టం ఊరుకోదు. ట్రస్టు పేరు మీదైతే ముగ్గురం హక్కుదారులం. కాకపోతే ముగ్గురి వేలిముద్రలూ, ముగ్గురి ఫొటోలూ సర్కారుకి పంపాలి."

"షెరీఫ్‌కి ఒక నకలు కూడా," అంది లవెర్న్. "అనుమతి వచ్చేదాకా సరుకు నా ఇనప్పెట్టెలోనే. మేం దాన్ని జైలంటాం. నెలల తరబడి పట్టొచ్చు."

"పట్టనీ. నాకేం తొందర?" అన్నాడు ఆర్లో.

మారిట్ ముద్రలు పడలేదు. హోటల్లో దుప్పట్లు ఉతికి ఉతికి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. వారంపాటు చేతులకి నూనె రాసుకుని రమ్మంది లవెర్న్. వారం తిరిగాక మళ్లీ ముగ్గురూ స్టీనర్ ట్రక్కులోనే బయల్దేరారు. మొదటిసారి ఆర్లో ఇద్దరి మధ్యా కూచున్నాడు. ఈసారి కాలు చాపుకోవాలంటూ తలుపు వైపుకి జరిగాడు. అక్కాతమ్ముళ్లకి భుజాలు రాసుకుంటూ కూచోక తప్పలేదు.

వేసవి మధ్యలో దరఖాస్తు తిరిగొచ్చింది. ఒకచోట ఆర్లో సంతకం లేదట.

"కౌంటీ రోడ్ల బోర్డులో జీవితమంతా సంతకాలు పెట్టినవాడివి, నీకేం పోయేకాలం?" అంది లవెర్న్.

"ముసలాణ్ణి. మర్చిపోయాను. పాతవి చించెయ్, అందరం మళ్లీ పెడతాం."

సంతకాలయ్యాయి. ఆర్లో కాఫీ తాగుతూ అక్కడే కబుర్లకి దిగాడు. బయట వడగళ్లు మొదలయ్యాయి. ముందే బయటికొచ్చిన అక్కా తమ్ముడూ ట్రక్కులో ఇరుక్కుపోయారు.

అద్దం మీద రాలుతున్న వడగళ్లనే చూస్తూ స్టీనర్ అన్నాడు. "అది నీ కుక్కేనని నాకు అప్పుడే తెలుసు."

ఇన్నేళ్లూ ఆమె, వాడికి తెలియక జరిగిందేమోనని లోలోపల ఒక మూల ఆశపడుతూనే ఉంది. "తెలిసే కాల్చావా?"

"రెండు గొర్రెపిల్లలు అప్పటికే చచ్చాయి. ఇంకోదాని గొంతు దాని నోట్లో ఉంది. పేరు పెట్టి పిలిచానక్కా. వినలేదు."

"నాతో వచ్చి చెప్పాల్సింది."

"వచ్చాను. నీ మెట్ల దాకా వచ్చాను. నువ్వు దాని గిన్నె పట్టుకుని 'పెప్పర్, పెప్పర్' అని పిలుస్తున్నావు. వెనక్కెళ్లిపోయాను."

"పిరికివెధవా," అంది మారిట్. ఆమె గొంతులో కోపం సగమే ఉంది. "ఎక్కడ పూడ్చావు?"

"వాగొడ్డున, అడవి గులాబీల కింద. ఏటా కలుపు తీస్తున్నా."

"చూపించు."

ఆ సాయంత్రం తండ్రిని ఇంటి దగ్గర దింపేసి ఇద్దరూ అక్కడికే వెళ్లారు. తర్వాతి ఆదివారం స్టీనర్ అక్క ఇంట్లో భోంచేశాడు. అటుపైన ఆమె చూరు వాడే బాగుచేశాడు.

ఆకులు పండే వేళకి అనుమతి వచ్చింది. "మోకాలు సలుపుతోంది. మీరిద్దరూ వెళ్లి తెచ్చేయండి," అన్నాడు ఆర్లో.

దారి పొడుగునా రేడియోలో ఏ పాట పెట్టాలన్నదాని మీద ఇద్దరూ కొట్టుకుంటూనే వెళ్లారు. కొట్టులో స్టీనర్ కాగితం నింపాడు. లవెర్న్ ఫోన్ చేసి వాడి మీద కేసులేవీ లేవని రూఢి చేసుకుంది. ఇనప్పెట్టె తెరిచి టార్చిలైటంత నల్లటి గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"జైలు నుంచి విడుదల," అంది.

మారిట్ దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "ఇంతోటి దానికా ఇన్ని తిప్పలు!"

"నాన్న రైఫిలుకి ఇది బిగియాలంటే దాని గొట్టం చివర మరలు కోయాలి లవెర్న్," అన్నాడు స్టీనర్. "రేపు పట్టుకొస్తాం."

లవెర్న్ ఇనప్పెట్టె తలుపు మూయబోయి ఆగింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏ రైఫిలు? ఇది కొనడానికి ముందే మీ నాన్న తుపాకులన్నీ నాకు అమ్మేశాడుగా."