పదకొండు మెట్లు

ఆమె భయం ఒక్కటే. కెథడ్రల్ ముందున్న ఆ పదకొండు మెట్ల మీద అక్కను ఎవరైనా జారవిడుస్తారని.

ఊరికే పుట్టిన భయం కాదది. ఒకసారి అయింది.

అక్కకు చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడ్డాయి. చేతులు మాత్రం బంగారం. ఆరువందల ఏళ్ళనాటి ఆ పెద్ద చర్చిలో బలిపీఠం మీద పరిచే గుడ్డకు అంచు కుట్టింది అక్కే. నీలం దారంతో ద్రాక్షతీగ.

“తొమ్మిది నెలలు మోశానే దీన్ని. నువ్వొక్కదానివే తల్లివనుకోకు,” అని చెల్లెల్ని ఆటపట్టించేది.

పీఠానికి ఎదురుగా పైన గుండ్రటి రంగుల కిటికీ ఉందట. మిట్టమధ్యాహ్నం దానిలోంచి ఎర్రటి వెలుగు సరిగ్గా ఆ గుడ్డ మీద పడుతుందట. పడితే తన నీలం ఊదా రంగుకు తిరగాలి. అలా తిరుగుతుందనే ఆ దారం ఎంచింది అక్క. తిరిగిందో లేదో ఒక్కసారి కళ్ళారా చూడాలి. అక్క కోరిక అంతే.

గుడ్డ లోపలికి వెళ్ళింది. కుట్టిన మనిషే వెళ్ళలేకపోయింది.

మొదటిసారి వెళితే, చక్రాల కుర్చీలకు దారి వెనకవైపు అన్నారు. చెత్తడబ్బాల సందులోంచి. చక్రాలకు కుళ్ళిన తొక్కలు అంటుకున్నాయి. సందు చివర లిఫ్టు ఉంది. దాని తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్ళాడు. రెండు గంటలు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు అక్కాచెల్లెళ్ళు. ఆయన భోజనం తెమల్లేదు.

రెండోసారి తాళంచెవి దొరికింది. లిఫ్టు తెరిస్తే దాన్నిండా విరిగిన బల్లలు, కంపుకొట్టే తడి చీపుళ్ళు.

“ముందు మెట్ల మీద చెక్కలైనా వేయించండి సార్,” అని చర్చి మేనేజరును అడిగింది చెల్లెలు.

“ఇది చారిత్రక కట్టడం అమ్మాయ్. ఒక్క రాయి మీద చెయ్యి వెయ్యకూడదు. నీకు చెప్పినా అర్థం కాదులే.”

ఏడో తరగతితో బడి మానేసిన సంగతి తన ముఖం మీద రాసిపెట్టి ఉంది కాబోలు అనుకుంది.

మూడోసారి దారినపోయే ఇద్దరు మగవాళ్ళు జాలిపడి కుర్చీ ఎత్తారు. నాలుగో మెట్టు మీద ఒకడి పట్టు తప్పింది. అక్క మోకాలు రాతికి కొట్టుకుని చర్మం లేచిపోయింది. చెప్పు ఎగిరి ఎక్కడో పడింది. చుట్టూ చేరినవాళ్ళు ఫోన్లు పైకెత్తారు. మేనేజరు పరుగున వచ్చి వంగాడు. అక్క కోసం కాదు. మెట్టు అంచు పెచ్చు ఊడిందేమోనని వేలితో తడిమి చూసుకున్నాడు.

అక్కే నవ్వింది.

“బియ్యం బస్తా అనుకున్నారే నన్ను. బస్తానైనా మూతి కట్టుందో లేదో చూసి ఎత్తుతారు.”

ఆ దెబ్బ మానలేదు. చీము పట్టింది.

ఇవాళ నాలుగోసారి. చర్చివాళ్ళే కబురు పెట్టారు. అక్కగారిని ముందు తలుపులోంచే, పీఠం దాకా తీసుకురమ్మని.

వచ్చి చూస్తే పదకొండు మెట్ల మీదా వెడల్పాటి చెక్కలు. వాటి మీద తివాచీ. రెండు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. నాలుగేళ్ళ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది.

“ఈ చెక్కలు ఎప్పుడు చేయించారు?”

అందరూ తాళాల తాత అని పిలిచే ముసలి కాపలాదారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆనాడు భోజనానికి వెళ్ళింది ఆయనే.

“చేయించడమేమిటమ్మా, నేను పనిలో చేరకముందు నుంచీ ఉన్నాయి. మెట్ల కింద గదిలోనే. పరవడానికి పావుగంట చాలు.”

“మరి అప్పుడు...”

“మామూలు రోజులకు తియ్యరమ్మా వీటిని.”

ఆ గది తలుపు మీద ఉమ్మేయాలనిపించింది ఆమెకు.

మేనేజరు ఎదురొచ్చాడు. నల్లకోటు, చేతిలో తెల్లపూలు, మీద గుప్పుమనే సెంటు.

“రండమ్మా, రండి. మీ అక్కగారి చేతిపని ఈ చర్చికే గౌరవం.”

అమ్మాయ్ కాస్తా అమ్మా అయింది, నువ్వు కాస్తా మీరయింది. అతను భుజం మీద చెయ్యి వేయబోతే, జెర్రి పాకినట్టు పక్కకు తప్పుకుంది.

అక్క ఒక్క మాటా అనలేదు. అని ఉంటే అతని చెవుల తుప్పు వదిలేది.

చెరోవైపు ముగ్గురు చొప్పున పట్టుకున్నారు. చెక్కల మీద చక్రాలు మెత్తగా కదిలాయి. నాలుగో మెట్టు దగ్గర ఆమె ఊపిరి బిగబట్టింది.

“మెల్లగా నాయనా, మెల్లగా.”

“మాకు అలవాటేనమ్మా,” అన్నాడొకడు.

“అమ్మా, పెద్దమ్మ చెప్పులు మర్చిపోయాం,” అంది కూతురు.

“ఇవాళ అక్కర్లేదులే.”

లోపల అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కనాడైనా పక్కకు జరిగి దారి ఇవ్వనివాళ్ళు, ఫోన్లు పైకెత్తినవాళ్ళు, ఇవాళ తలలు వంచుకున్నారు. ఎవరో ముక్కు చీదారు. ఆ చప్పుడుకూ రోత పుట్టింది ఆమెకు.

పీఠం ముందు చక్రాలు ఆగాయి. అప్పుడే మిట్టమధ్యాహ్నమైంది. ఎర్రటి వెలుగు రాతి నేల మీద జరుగుతూ వచ్చి గుడ్డ అంచును తాకింది. ద్రాక్షతీగ ఒక్కో ఆకే ఊదా రంగుకు తిరిగింది. అచ్చం అక్క చెప్పినట్టే.

ఆమె మాత్రం అక్క వైపు తల తిప్పలేకపోయింది. కూతుర్ని ఎత్తుకుని, ఆ ఆరుగురినీ బతిమాలుకుంది.

“మా అక్క ముఖం కిటికీ వైపే ఉందో లేదో, ఎవరైనా ఒక్కసారి వంగి చూడండయ్యా, ఆ పెట్టె మూతకు మేకులు కొట్టేముందు.”